ఆక్యుపంక్చర్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత సంచికలో ఈ శీర్షికలో నడుము నొప్పి గురించి రాసినప్పుడు ఆక్యుపంక్చర్, అంటే ఒంటి మీద కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చి చేసే చైనా చికిత్స, ప్రస్తావన ఒక వాక్యంతో సరిపెట్టాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని చాలామంది ఉత్తరాలు రాశారు. విశాఖపట్నంలో ద్వారకానగర్ నుంచి గాజువాక వరకు ఈ చికిత్స చేస్తామనే బోర్డులు కనిపిస్తున్నాయి కనుక ఈ ఆసక్తి సహజమే. వచ్చిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ నెల పూర్తిగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 61. మూడేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఎంఆర్ఐ చూసిన డాక్టరు గారు డిస్కు కొద్దిగా జారిందని, ఆపరేషన్ అక్కర్లేదని, వ్యాయామం చేయాలని చెప్పారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట వస్తోంది. ఆక్యుపంక్చర్‌తో తనకు తగ్గిందని మా స్నేహితుడు అంటున్నాడు. అదంతా ఒట్టి నమ్మకమే తప్ప వైద్యం కాదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం)

సమాధానం: మీరు ప్రయత్నించి చూడవచ్చు. మీ ఎంఆర్ఐ చూసి ఆపరేషన్ అవసరం లేదని ఒక డాక్టరు ముందే తేల్చారు కనుకనే ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. కారణం తెలియని నొప్పితో నేరుగా సూదుల దగ్గరకు వెళ్తానని మీరు రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

మీ అబ్బాయి లేవనెత్తిన సందేహం తీసిపారేయదగినది కాదు. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1162 మందిపై జర్మనీలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం సరిగ్గా దాన్నే పరీక్షించింది. రోగులను మూడు జట్లుగా విడదీసి, మొదటి జట్టుకు చైనా వైద్యం చెప్పిన బిందువుల దగ్గర సూదులు గుచ్చారు. రెండో జట్టుకు ఆ బిందువులు కాని చోట్ల, చర్మానికి పైపైన, ఉత్తుత్తి సూదులు గుచ్చారు. మూడో జట్టుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామాలతో మామూలు చికిత్స చేశారు. ఆరు నెలల తరువాత చూస్తే మొదటి జట్టులో 47.6 శాతం మందికి, రెండో జట్టులో 44.2 శాతం మందికి, మూడో జట్టులో 27.4 శాతం మందికి చెప్పుకోదగిన ఉపశమనం కలిగింది.

ఈ అంకెలను నిదానంగా చదవవలసి ఉంటుంది. అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ మధ్య తేడా స్వల్పం కనుక, ఫలానా బిందువులోనే గుచ్చితేనే గుణం అన్న వాదన ఇక్కడ నిలబడలేదు. అదే సమయంలో, సూదులు ఏ రకంగా గుచ్చినా, మామూలు చికిత్స పొందిన వారి కంటే ఆ రెండు జట్లవారూ బాగా కోలుకున్నారన్నది కూడా నిజమే. రోగిని పడుకోబెట్టి అరగంట సేపు శ్రద్ధగా చూడడం, తగ్గుతుందన్న ఆశ, చర్మాన్ని గుచ్చినప్పుడు నరాల వ్యవస్థలో కలిగే మార్పు, ఇవన్నీ కలిసి ఆ ఫలితాన్ని ఇచ్చి ఉండాలి. ఆ తరువాత 39 అధ్యయనాలలో పాల్గొన్న 20,827 మంది వివరాలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణ, ఉత్తుత్తి సూదుల కంటే అసలు సూదులకు కొద్దిపాటి ఆధిక్యం ఉందని, చికిత్స ఆగిన తరువాత కూడా ఆ మేలులో చాలా భాగం ఏడాది వరకు నిలుస్తోందని చూపింది.

ఈ ఆధారాలనే చూసి వేర్వేరు దేశాలు వేర్వేరు నిర్ణయాలకు వచ్చాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ నడుము నొప్పికి ఆక్యుపంక్చర్‌ను 2009లో సూచించి, 2016లో ఆ సూచనను వెనక్కు తీసుకుంది. స్పష్టమైన కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి మాత్రం దీన్ని పరిశీలించవచ్చని 2021లో చెప్పింది. అమెరికాలో వృద్ధులకు ఉండే మెడికేర్ బీమా పథకం 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 విడతల ఖర్చు భరిస్తోంది. గుణం కనిపిస్తే మరో 8 విడతలకు అనుమతి ఉంటుంది, కనిపించకపోతే అక్కడితో ఆపేయాలి. మీరు కూడా ఇదే పద్ధతి పాటించండి. ఆరు విడతలు పూర్తయ్యేసరికి నిద్రలోనో, నడకలోనో, మాత్రల సంఖ్యలోనో మీకే తెలిసేంత మార్పు రాకపోతే ఇంకా డబ్బు పోయవద్దు. ముందుగానే ముప్పై, నలభై విడతల ప్యాకేజీకి డబ్బు కట్టించుకునే చోటికి అసలు వెళ్లవద్దు.

సూది గుచ్చడం ఎలా ఉంటుందో అని చాలామందికి భయం ఉంటుంది. ఇంజెక్షన్ సూదిలా ఇది బోలుగా ఉండదు, మందు ఎక్కించరు. సుమారు పావు మిల్లీమీటరు మందం గల ఉక్కు తీగను చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మానికి ఆనించి, పైనుంచి వేలితో ఒక్కసారి తడతారు. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్లు ఉంటుంది. ఆ తరువాత సూదిని మెల్లగా తిప్పినప్పుడు ఆ చోట బరువుగా, లాగినట్లుగా, కొందరికి తిమ్మిరిగా అనిపిస్తుంది. ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచి తీసేస్తారు. మొదటిసారి కూర్చోబెట్టి చేస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి కనుక, ఏదైనా తిని వెళ్లి, పడుకొనే చేయించుకోండి.

వ్యాయామం మాత్రం మానవద్దు. నొప్పి తగ్గిన ఆ కొద్ది వారాల వెసులుబాటును నడకకు, నడుము కండరాల బలానికి వాడుకోవడమే ఈ చికిత్స వల్ల కలిగే అసలైన లాభమని నా అభిప్రాయం. మూత్రం లేదా మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలు బలహీనపడినా, నొప్పితో పాటు జ్వరం లేదా బరువు తగ్గడం ఉన్నా ఆక్యుపంక్చర్ ఆలోచన పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: శరీరంలో శక్తి ప్రవహించే మార్గాలు ఉన్నాయని ఆక్యుపంక్చర్ వాళ్లు చెబుతారు. శరీరాన్ని కోసి చూస్తే అవి కనిపిస్తాయా? చైనాలో మత్తుమందు లేకుండా సూదులతోనే ఒక అమెరికా విలేకరికి ఆపరేషన్ చేశారని చదివాను. నిజమేనా? (ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి)

సమాధానం: కనిపించవు. రక్తనాళాల వలె, నరాల వలె ఆ మార్గాలను వేరుచేసి చూపిన వారెవరూ లేరు. సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం సంకలనమైన హువాంగ్‌డి నైజింగ్ గ్రంథం కాలానికి శరీరాన్ని అర్థం చేసుకోవడానికి వేసుకున్న పటం అది. పటం తప్పయినంత మాత్రాన అక్కడి చికిత్సానుభవమంతా తప్పని అనలేము, అనుభవం ఉన్నంత మాత్రాన పటం నిజమనీ అనలేము. నొప్పి విషయంలో జరిగేది కొంతవరకు తెలుసు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే, మార్ఫిన్ వంటి పదార్థాలను 1975లో గుర్తించారు. వాటి పనిని అడ్డుకునే నలాక్సోన్ మందు ఇస్తే ఆక్యుపంక్చర్ వల్ల కలిగిన ఉపశమనం తగ్గుతుందని 1977లో ఒక ప్రయోగం చూపింది.

విలేకరి కథ సగమే నిజం. న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన జేమ్స్ రెస్టన్‌కు 1971 జులైలో పెకింగులో అపెండిక్స్ తీసేశారు. ఆ ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. తరువాత కడుపు ఉబ్బరంతో బాధపడుతున్నప్పుడు మోచేతికి, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు, ఆయనే ఆ సంగతి స్పష్టంగా రాశారు. చెవులు మారేకొద్దీ అది సూదులతో చేసిన ఆపరేషన్‌గా మారిపోయింది.

ప్రశ్న: మా అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. ఒక ఆక్యుపంక్చర్ కేంద్రంలో మందులన్నీ విషమని, మానేస్తేనే చికిత్స పనిచేస్తుందని చెప్పారట. పది రోజులుగా ఇన్సులిన్ కూడా వేసుకోవడం లేదు. మా మాట వినడం లేదు. మీరు రాస్తే చదువుతుందని ఆశ. (ఒక పాఠకురాలు, మధురవాడ)

సమాధానం: అమ్మా, ఈ మాటలు మీ అమ్మగారికే నేరుగా రాస్తున్నాను. ఈ పేజీ పక్కన పెట్టి ముందు మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఈ రోజే వెళ్లండి. ఇన్సులిన్ ఒక్కసారిగా ఆపితే రక్తంలో ఆమ్లాలు పేరుకొని స్పృహ తప్పే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు ఆపితే పక్షవాతం, గుండెపోటు ముందస్తు హెచ్చరిక లేకుండా రావచ్చు. ఆక్యుపంక్చర్ ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం అని చూపిన నమ్మదగిన అధ్యయనం ఒక్కటీ లేదు. చైనాలోనే పెద్ద ఆసుపత్రులలో సూదుల విభాగమూ, ఇన్సులిన్ ఇచ్చే విభాగమూ ఒకే భవనంలో పక్కపక్కన పనిచేస్తాయి. మందులు మానితేనే నా వైద్యం పనిచేస్తుందని చెప్పే వ్యక్తి ఏ పద్ధతిలో వైద్యం చేసినా, ఆ గడప తొక్కవద్దు.

ఇంకొక జాగ్రత్త. షుగర్ వల్ల పాదాలలో స్పర్శ తగ్గిన వారికి, సూదులతో పాటు చేసే, మాచిపత్రి జాతి ఆకును కాల్చి వేడి పట్టే చికిత్స చేయకూడదు. కాలిన సంగతి వారికి తెలియదు, పుండు మానదు.

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వస్తే సూదులు గుచ్చిస్తే చెయ్యి లేస్తుందని బంధువులు అంటున్నారు. ఎంత త్వరగా మొదలుపెట్టాలి? (గోపాలపట్నం)

సమాధానం: పక్షవాతం వచ్చిన తొలి గంటలలో చేయవలసినది ఒక్కటే, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడం. మెదడులో రక్తం గడ్డకట్టిన కారణంగా వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మూతి వంకర, చేయి వాలిపోవడం, మాట తడబడడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి; కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో, దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికో తీసుకువెళ్లండి. ఆ తరువాతి నెలల్లో చెయ్యి, కాలు కోలుకోవడానికి ప్రధానాధారం ఫిజియోథెరపీ. సూదుల వల్ల అదనంగా ఎంత మేలు కలుగుతుందన్న దానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. ఫిజియోథెరపీ డబ్బులో కోత పెట్టి సూదులకు ఖర్చు చేయవద్దు.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, అగనంపూడి ఆసుపత్రిలో కీమోథెరపీ తీసుకుంటున్నాను. మాత్రలు వేసుకుంటున్నా రెండు రోజులు వికారం వదలదు. మణికట్టు దగ్గర నొక్కితే తగ్గుతుందని పక్క మంచం ఆవిడ చెప్పారు. (పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: ఆవిడ చెప్పింది ఆధారం ఉన్న మాటే. ఆక్యుపంక్చర్ మొత్తంలో పరిశోధకులు అత్యధికంగా పరీక్షించిన బిందువులలో అది ఒకటి, చైనా వారు నైగువాన్ అంటారు. ఆపరేషన్ తరువాత, కీమోథెరపీ తరువాత పెద్దలకు కలిగే వికారం, వాంతులకు ఆక్యుపంక్చర్ పనిచేస్తోందని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సభ అంగీకరించింది. ఆపరేషన్ తరువాతి వాంతుల విషయంలో వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 59 అధ్యయనాలను పరిశీలించి 2015లో, ఈ బిందువును ప్రేరేపించడం వాంతుల మందులతో ఇంచుమించు సమానంగా పనిచేస్తోందని తేల్చింది.

ఇలా వెతుక్కోండి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు ముడత మీద రెండో చేతి మూడు వేళ్లు అడ్డంగా ఆనించండి. మూడో వేలి అంచు దగ్గర, ముంజేతి మధ్యలో, పిడికిలి బిగిస్తే లేచే రెండు స్నాయువుల నడుమ పల్లంగా తగిలే చోటే అది. అక్కడ బొటనవేలితో నిదానంగా, నొప్పి పుట్టనంత ఒత్తిడితో రెండు మూడు నిమిషాలు నొక్కండి, రోజులో వీలైనన్ని సార్లు చేయవచ్చు. సముద్ర ప్రయాణంలో వికారం రాకుండా కట్టుకునే, లోపల చిన్న గుండీ ఉండే పట్టీలు మందుల దుకాణాలలో అడిగి చూడండి.

మీ విషయంలో మూడు షరతులు తప్పనిసరి. ఆపరేషన్ జరిగిన వైపు చేతికి, ముఖ్యంగా చంకలో గ్రంథులు తీసేసి ఉంటే, సూదులు వద్దు. వాపు వచ్చే ప్రమాదం ఉంది. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గిన రోజుల్లో ఏ చేతికీ సూదులు వద్దు, నొక్కడంతో సరిపెట్టుకోండి. వాంతుల మాత్రలు మానవద్దు, వాటితో తగ్గడం లేదన్న సంగతి మీ క్యాన్సర్ వైద్యులకు చెప్పండి, వారి దగ్గర మరింత బలమైన మందులు ఉంటాయి. చైనా మూలికలు, కషాయాలు మాత్రం కీమోథెరపీ పూర్తయ్యే దాకా ఎవరిచ్చినా పుచ్చుకోవద్దు.

ప్రశ్న: కీళ్ల నొప్పులకు చైనా మూలికల పొడి ఆన్‌లైన్‌లో తెప్పించి టీలా తాగుతున్నాను. నాలుగు రోజుల్లోనే నొప్పులు మాయమయ్యాయి, ఆకలి పెరిగింది, ముఖం కూడా నిండుగా కనిపిస్తోంది. చెట్టు మందే కనుక ఎంత కాలమైనా తాగవచ్చా? (ఒక పాఠకుడు, పెందుర్తి)

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి మీరు సంతోషంగా రాసిన రెండు మాటలు: నాలుగు రోజుల్లో నొప్పి మాయం కావడం, ముఖం నిండుగా కనిపించడం. మూలికలేవీ అంత వేగంగా కీళ్ల వాపును తగ్గించవు. కీళ్ల నొప్పులకు అమ్మే మూలికల పొడులలో చెప్పకుండా స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలిపిన ఉదంతాలు అనేక దేశాలలో ప్రయోగశాలలు బయటపెట్టాయి. ఆకలి పెరగడం, ముఖం ఉబ్బడం స్టెరాయిడ్ లక్షణాలు. అలాగని రేపటి నుంచి మీరే ఆపేయడం కూడా ప్రమాదమే. కొన్ని వారాలు స్టెరాయిడ్ తీసుకున్న శరీరం తన సొంత ఉత్పత్తిని తగ్గించుకొని ఉంటుంది కనుక, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోవచ్చు. ఆ పొట్లాన్ని తీసుకొని వెంటనే ఒక ఫిజీషియన్‌ను కలవండి. బీపీ, షుగర్, సీరమ్ క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. పొట్లం మీద దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో కూడా చూడండి.

చెట్టు మందు కనుక హాని ఉండదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది కాబట్టి బెల్జియంలో జరిగింది చెప్పాలి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే ఒక క్లినిక్‌లో చైనా మూలికలు కలిపిన గుళికలు ఇచ్చారు. వాటిలో ఫాంగ్ జీ అనే మూలిక ఉండవలసిన చోట, దాదాపు అదే పేరు గల గువాంగ్ ఫాంగ్ జీ అనే వేరే మొక్క వేరు చేరింది. ఆ రెండో మొక్కలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వంద మందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎందరికో డయాలిసిస్, మూత్రపిండాల మార్పిడి అవసరమయ్యాయి, వారిలో కొందరికి తరువాతి కాలంలో మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. అది ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. మన పల్లెల్లో పాముకాటుకు, కడుపు నొప్పికి నూరి ఇచ్చే ఈశ్వరి వేరు కూడా ఆ కుటుంబపు మొక్కే, అందులోనూ ఆ ఆమ్లం ఉంది.

చైనా మూలికలపై నాకు చిన్నచూపు లేదు. మన మన్యంలో, పాడేరు, చింతపల్లి వైపు, ఫాల్సిపరం మలేరియా వచ్చిన వారిని కాపాడుతున్న ఆర్టిసునేట్ మందు చైనా మూలిక నుంచే వచ్చింది. 1967 మే 23న చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా మొదలుపెట్టిన పథకంలో పనిచేసిన తు యూయూ అనే శాస్త్రవేత్త, నాలుగో శతాబ్దానికి చెందిన గె హాంగ్ రాసిన వైద్య గ్రంథంలో చింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్న వాక్యాన్ని పట్టుకున్నారు. కాచమని అక్కడ లేదు. అంతవరకు తాము మొక్కను వేడి చేయడం వల్లనే గుణం పోతోందని గ్రహించి, తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారాన్ని తీశారు. 1971లో అది జంతువులలో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. మరుసటి ఏడు ఆమె, సహచరులు ముందు తామే తాగి చూసి, తరువాతనే రోగులకు ఇచ్చారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథం దారి చూపింది, దానిని మందుగా చేసినది మాత్రం వేరుచేయడం, మోతాదు కట్టడం, పరీక్షించడం అనే మూడు పనులే. ఆ పరీక్ష జరిగిన మాత్ర మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది. అదే మొక్క ఆకును టీ కాచుకొని తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించదు, ఎందుకంటే ఎంత మందు లోపలికి వెళ్తోందో తెలియకపోతే రోగం తిరగబెడుతుంది, క్రిమి మందుకు లొంగకుండా పోతుంది. మీ పొట్లంలో ఆ మూడు పనులలో ఏ ఒక్కటీ జరిగిన జాడ లేదు.

రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారు డాన్‌షెన్, డాంగ్ క్వాయ్ అనే మూలికలకు, బీపీ ఉన్నవారు మాహువాంగ్‌కు, ఎక్కువ మోతాదులో అతిమధురానికి దూరంగా ఉండాలన్న మాట ఈ సందర్భంలోనే చెబుతున్నాను. అతిమధురం మనకు కొత్త కాదు, గొంతు నొప్పికి చప్పరించేదే. చైనా కషాయాలలో అది చాలా తరచుగా కలుస్తుంది, వారాల తరబడి తాగితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది.

ప్రశ్న: ఆక్యుపంక్చర్ మన మర్మ విద్య నుంచే చైనాకు వెళ్లిందంటారు. నిజమేనా? (భీమునిపట్నం)

సమాధానం: అందుకు గట్టి ఆధారం లేదు. సుశ్రుత సంహిత 107 మర్మ స్థానాలను చెబుతుంది కానీ, అవి దెబ్బ తగిలితే ప్రాణానికో, అవయవానికో ముప్పు వచ్చే చోట్లు. శస్త్రం వాటికి తగలకుండా చూసుకోమని వైద్యుడికి చేసిన హెచ్చరిక అది. సూది గుచ్చమని కాదు. ఆధునిక కాలంలో ఈ విద్య మన దేశానికి వచ్చిన దారి అయితే స్పష్టంగా తెలుసు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొని, 1959లో కలకత్తాలో ప్రారంభించారు.

ప్రశ్న: నాకు నెలకు ఆరేడు సార్లు పార్శ్వపు నొప్పి వస్తుంది. రోజూ వేసుకునే నివారణ మాత్రల వల్ల మత్తుగా ఉండి ఆఫీసులో పని సాగడం లేదు. (రుషికొండ)

సమాధానం: ఈ విషయంలో ఆక్యుపంక్చర్‌కు మంచి స్థానమే ఉంది. నివారణ మందులు పడని వారికి ఐదు నుంచి ఎనిమిది వారాలలో పది విడతల వరకు చేయించవచ్చని నైస్ 2012లో సూచించింది. ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్ని గంటలు ఉందో ముందు నెల నుంచే ఒక పుస్తకంలో రాసుకోండి, చికిత్స తరువాత పోల్చుకోవడానికి ఆ పుస్తకమే ఆధారం. న్యూరాలజిస్టును ఇంకా కలవకపోయి ఉంటే ముందు ఆ పని చేయండి.

ప్రశ్న: ఫిజియోథెరపీ చదివి సీతమ్మధారలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకొని చేయాలని ఉంది. కొన్ని వారాంతాలలో పూర్తయ్యే ఆన్‌లైన్ డిప్లొమా ప్రకటనలు వస్తున్నాయి. చట్టం ఏమంటుంది? మొదలుపెట్టే ముందు ఏమేం చూసుకోవాలి?

సమాధానం: ఈ ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు. ఈ రంగంలో మంచి పేరు రావాలన్నా, చెడ్డపేరు రావాలన్నా మీ వంటి వారి చేతులలోనే ఉంది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరులో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ, రిజిస్టరైన వైద్యులు లేదా తగిన శిక్షణ పొందిన వారు చేయవచ్చని చెప్పింది. 2019 ఫిబ్రవరిలో దానిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మీరు క్లినిక్‌లో ఈ సేవ మొదలుపెట్టే ముందు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

శిక్షణ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒక కొలమానంగా పనికొస్తాయి. వైద్య పట్టా లేని వారి పూర్తి శిక్షణకు అది 2500 గంటలు సూచించింది, అందులో కనీసం వెయ్యి గంటలు ప్రత్యక్షంగా చేసి నేర్చుకునేవి. తమ వృత్తిలో భాగంగా పరిమితంగా వాడుకోదలచిన ఆధునిక వైద్యులకు కూడా కనీసం 200 గంటలు ఉండాలన్నది. తెర మీద చూసి సూది గుచ్చడం రాదు. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ చదివిన వారికి ఆక్యుపంక్చర్ పాఠ్యాంశంగా ఉంటుంది కనుక, అటువంటి వారు పనిచేసే ఆసుపత్రిలోనో, వైద్యుల పర్యవేక్షణలోనో కొంతకాలం నిలబడి నేర్చుకోండి.

మీకు శరీర నిర్మాణం తెలుసు కనుక ఒక సంగతి తేలికగా అర్థమవుతుంది. భుజం పైభాగాన, మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండరంలో నొప్పి బిందువు దగ్గర గుచ్చాలని అందరికీ ఉత్సాహం ఉంటుంది. దాని కిందనే ఊపిరితిత్తి కొన ఉంది. సన్నగా ఉన్న మనిషిలో నిలువుగా లోతుకు గుచ్చితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 8.6 శాతం మందికి ఏదో ఒక దుష్ఫలితం కనిపించింది, చాలావరకు చిన్నపాటి రక్తస్రావం, కమిలిన మచ్చ, నొప్పి వంటివే. ఇద్దరికి మాత్రం ఈ గాలి చేరే ప్రమాదం జరిగింది. అరుదైనదే అయినా, అది మీ చేతి మీదుగా జరిగే ప్రమాదం. ఛాతీ, వీపు, భుజాల మీద ఎప్పుడూ ఏటవాలుగా, పైపైనే గుచ్చండి. ఆయాసం, ఛాతీ నొప్పి కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చని ప్రతి రోగికీ చెప్పి, అలా జరిగితే ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి వెంటనే వెళ్లమని చీటీ మీద రాసి ఇవ్వండి.

సూదులు ఒక్కసారి వాడి పారేసేవే తెప్పించండి, రోగి కళ్లెదుటే ప్యాకెట్ విప్పండి. ఒకే మనిషికి అవే సూదులు దాచి మళ్లీ వాడే అలవాటు కొన్ని చోట్ల ఉంది, దానికి ఎంతమాత్రం ఒప్పుకోవద్దు. ఎన్ని గుచ్చారో, ఎన్ని తీశారో లెక్కపెట్టి కాగితం మీద రాయాలి. జుట్టులో, దుప్పటి కింద ఒక సూది మిగిలిపోవడం తరచుగా జరిగే పొరపాటు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన సూదులను గుచ్చుకుపోని తెల్లని అర్ధపారదర్శక డబ్బాలో వేసి, అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకు అప్పగించాలి. మునిసిపాలిటీ చెత్తబండిలో వేస్తే, ఆ చెత్తను చేత్తో ఏరే మనిషికి హెపటైటిస్ బి అంటించినవారు మీరే అవుతారు.

మొదటి రోజున ప్రతి రోగినీ అడగవలసినవి కొన్ని ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గుండెకు పేస్‌మేకర్ ఉందా, గర్భవతా, గతంలో క్యాన్సర్ వచ్చిందా, షుగర్ ఉందా. పేస్‌మేకర్ ఉన్న వారికి సూదులకు కరెంటు కలిపే పద్ధతి వద్దు. గర్భవతుల విషయంలో బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండే బిందువును, చీలమండ లోపలి వైపు పైన ఉండే బిందువును సంప్రదాయమే నిషేధించింది, ప్రసూతి వైద్యుల అనుమతి లేకుండా అసలు మొదలుపెట్టవద్దు.

రోగి తెచ్చిన రిపోర్టులు చదివిన తరువాతే సూది తీయండి, రిపోర్టు లేకుండా వచ్చిన మనిషిని ముందు డాక్టరు దగ్గరకు పంపండి. ఆరు విడతల తరువాత నొప్పి ఎంత మారిందో రాసి, ఒక ప్రతి రోగి చేతిలో, ఒక ప్రతి వారిని చూస్తున్న డాక్టరుకు పంపండి. కేజీహెచ్ ఎముకల విభాగంలో కూర్చున్న డాక్టరుకు మీరు చేసినదేమిటో ఆ కాగితం ద్వారా తెలిస్తే, తరువాతి రోగిని ఆయనే మీ దగ్గరకు పంపే రోజు వస్తుంది.